గూటికి ఎంత దూరము?



ఒకప్పుడు మన పల్లెలలో కెమెరా కనబడెడిది పెండ్లినాడు పట్టణమునుండి వచ్చిన ఫొటోగ్రాఫరు మెడలోనే. నేడు గొఱ్ఱెలు కాయు పిల్లవాని జేబులోని ఫోను ఆ పని చేయుచున్నది. సెలవు దినము వచ్చినదంటే మన యువజనులు కొండలెక్కుదురు. సాయంకాలమునకు వంద బొమ్మలతో దిగివత్తురు. లోయలు, వాగులు, నెమళ్లు, తొండలు, మబ్బులు అన్నియు ఆ చిన్న పలకలో ఉండును. ఇది భక్తిగలవారు చేయదగిన పనియేనా అని సంఘపెద్దలు కొందరు నన్నడుగుచుందురు.

చేయదగిన పనియే అని నా మనవి. మన ప్రభువు కొండమీద బోధించినప్పుడు, కూటికిని గుడ్డకును చింతించువారి దృష్టిని ఆకాశమందలి పక్షులవైపునకును పొలములోని పువ్వులవైపునకును త్రిప్పెను గదా. మనము వాటిని చూడక దాటిపోవుదుమని ఆయన యెరుగును. అందుచేతనే చూడుమని చెప్పవలసివచ్చెను.

చూచుట నేర్చుకొనవలసిన విద్య. ఫొటో తీయువాడు ఈ సంగతిని త్వరగా గ్రహించును. మిట్టమధ్యాహ్నము తీసిన కొండ చదునుగా వెలవెలబోయి కనబడును. అదే కొండను ప్రొద్దుపొడుపు వేళ తీసినయెడల, ఏటవాలుగా పడు వెలుగునకు ప్రతి మడతకును ఒక నీడ యేర్పడి బండల లోతు తెలియును. కావున వాడు చీకటితోనే లేవవలెను. పక్షిని చూడగోరువాడు మాటలు మానవలెను. కంటికి కొట్టు రంగుల బట్టలు మానవలెను. ఒక పొదప్రక్కన కదలక కూర్చుండవలెను. మొదట అడవి అంతయు మౌనము వహించును. కొంతసేపటికి ఒక పికిలిపిట్ట పలుకును, ఒక ఉడుత చెట్టు దిగును. మనిషి వచ్చిన సంగతి మరచినట్లు అవి తమ పనులలో పడును. వేకువను లేచుట, నోరు మూసికొనుట, కనిపెట్టుట ప్రార్థించువారికి క్రొత్తవి కావు గదా.

లండనులోని ఆల్ సోల్స్ సంఘమునకు కాపరిగానుండిన జాన్ స్టాట్ గారు (1921–2011) బాల్యమునుండియు పక్షులను చూచుట మరిగినవారు. వాక్యపరిచర్యకై ఏ దేశమునకు పోయినను అక్కడి పక్షులను వెదకి చూచెడివారు. 1999లో వారు ప్రకటించిన పుస్తకమొకటి పక్షులనే మనకు ఉపాధ్యాయులుగా నిలువబెట్టినది. అందులో వారు తీసిన ఫొటోలే యున్నవి.

అయితే ప్రియులారా, చూడవలెనను ఆశ కొన్నిసార్లు చేజిక్కించుకొనవలెనను ఆశగా మారును. నేను చూచిన సంగతి యొకటి చెప్పెదను.

ఒక ఏప్రిల్ మాసమున మా యువజనులతో కలిసి కడప సీమలో ఒక కొండ దిగువను నడుచుచుంటిని. ఎండ యెక్కుచున్నది. గులకరాళ్ల నేలనుండి తీతువు పిట్ట యొకటి లేచి, కేకలు వేయుచు మా తలలపైన తిరుగసాగెను. తీతువు కూత చావు కబురని మనవారికి భయము. "అపశకునం అయ్యగారూ" అని ఒక పిల్లవాడు నవ్వుచునే అనెను గాని, వాని కాలు ముందుకు సాగలేదు. మరియొకడు రాళ్లమధ్య నాలుగు గుడ్లను కనుగొనెను. తీతువు పుల్లలతో గూడు అల్లదు. నేలమీది చిన్న పల్లములో, రాళ్లనుండి వేరుపరచరాని మచ్చల గుడ్లు పెట్టును. అతడు వంగి ఫొటో తీసెను. వాని వెనుక తక్కినవారును తమ ఫోనులతో వరుసగా నిలిచిరి.

మేకలను తోలుకొని వచ్చుచున్న ఒక ముసలాయన ఆగి, "అబ్బీ, ఇవతలికి రాండి" అని పిలిచెను.

"ఒక్క ఫొటో, తాతా."

"మీరు ఆరుగురుండారు. తలా ఒకటి తీసుకొనేలోగా ఆ గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. అది మీ చావు కోసం అరవడంల్యా నాయనా, దాని పిల్లల కోసం అరుస్తాండాది."

మేము చాల దూరము వెనుకకు జరిగి ఒక తుమ్మచెట్టు నీడను కూర్చుంటిమి. తీతువు దిగెను, నాలుగడుగులు పరుగెత్తి ఆగెను, మరల పరుగెత్తి గుడ్లమీద నిలిచెను. వేసవిలో ఆ పక్షి తన గుడ్లకు నీడగా నిలుచును; నీటిలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి వాటిని చల్లబరచును. అంత పాటుపడు తల్లి కూతను మనము ఇన్ని తరములుగా అపశకునమనుచున్నాము. ఆ చెట్టు క్రిందనుండి ఒక పిల్లవాడు తీసిన ఫొటోలో పక్షి చుక్కంత కనబడెను. అంతకంటె దగ్గరకు మనలను అది రానీయలేదు. కనుక నిజమైన బొమ్మ అదియే.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో గూటిని గూర్చి ఒక చిన్న కట్టడ కలదు. త్రోవలో పక్షిగూడు కనబడినయెడల తల్లిని పిల్లలతో కూడ పట్టుకొనరాదు, తల్లిని విడిచిపెట్టవలెను. ఈ కట్టడకు జోడింపబడిన వాగ్దానము గమనింపుడి. తలిదండ్రులను సన్మానించువారికి దేవుడు చెప్పిన మేలును దీర్ఘాయువును ఇక్కడను చెప్పెను. ఆకలిగొన్నవాని చేతికే దేవుడు హద్దు నియమింపగా, బొమ్మ మాత్రము కోరువానికి హద్దు ఉండవద్దా?

ఆ కడప సీమలోనే కలివికోడి యను పక్షి చరిత్ర జరిగినది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ దొర దానిని లోకమునకు తెలిపెను. 1848లో దానికి శాస్త్రనామము పెట్టబడెను. ఈ దొర పక్షులను గూర్చి వ్రాసిన చిత్రగ్రంథము మద్రాసులోని అమెరికన్ మిషన్ ముద్రాలయములో అచ్చుపడినదని మన మిషను పత్రికల చదువరులు తెలిసికొనదగును. 1900 తరువాత ఆ పక్షి కనబడలేదు. అంతరించినదని పండితులు తలంచిరి. 1986 జనవరిలో లంకమల కొండల దాపున స్థానికుడొకడు రాత్రి దీపపు వెలుగులో ఒకదానిని పట్టుకొనెను. లోకము ఆనందించెను గాని, పట్టుబడిన ఆ పక్షి బ్రదుకలేదు. తరువాత పరిశోధకులు, ప్రాణి దగ్గరకు రాగానే తమంతట తామే ఫొటో తీయు కెమెరాలను పొదలమధ్య అమర్చి వెళ్లిరి. మనుష్యుడు లేనివేళ కలివికోడి నడచివచ్చెను, బొమ్మ దొరికెను, పక్షి తన త్రోవను పోయెను. మనుష్యులు లేదనుకొనిన ఆ 86 సంవత్సరములును దేవుడు ప్రతి రాత్రి దానికి ఆహారము పెట్టుచునే యుండెను.

కావున కొండలకు పోవు తమ్ములారా, చెల్లెండ్రారా, పొండి, చూడుడి, ఫొటోలు తీయుడి. అయితే గూడు బాగుగా కనబడవలెనని అడ్డమున్న కొమ్మలు విరువవద్దు. ఆ ఆకులే పిల్లలకు ఎండనుండియు కాకులనుండియు చాటు. పక్షి కూతను ఫోనులో వినిపించి దానిని మోసపుచ్చవద్దు. రాత్రివేళ దాని కన్నులలోనికి ఫ్లాషు వెలుగు కొట్టవద్దు. గూడున్న చోటును ఊరంతటికి చాటవద్దు. రక్షితారణ్యములో అటవీశాఖవారి అనుమతి లేక అడుగు పెట్టవద్దు. బండ అంచున వీపు త్రిప్పి నిలిచి మీ బొమ్మ తీసికొనవద్దు. మీ తల్లియు ఇంటివద్ద ఎదురుచూచుచున్నది. ప్రాణి బెదరి తలయెత్తినదా, తన పని మానినదా, మీరు హద్దు దాటితిరని తెలిసికొని మెల్లగా వెనుకకు రండి.

మోషే మండుచున్న పొదను చూచుటకు త్రోవ విడిచి ఆ ప్రక్కకు తిరిగెను. దేవుడు ఆ చూపును తప్పుపట్టలేదు. చూడవచ్చినవానిని పేరుపెట్టి పిలిచెను. అయినను ఇంకను దగ్గరకు రావద్దని ఆపి, చెప్పులు విడువుమనెను. చూచుటకు పిలుచువాడును ఆయనే, ఎక్కడ నిలువవలెనో చెప్పువాడును ఆయనే. తన సృష్టియెదుట మన కన్నులను తెరచి, మన చేతులను అదుపులోనుంచు కృపను ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.