నెలాఖరు గిరాకీ

ఫొటో కప్పుల మీద బతికిన ప్రింటింగ్ షాపు ఛత్తీస్‌గఢ్‌లోని మా బిలాస్‌పూర్‌లో నాకైతే కనబడలేదు. హీట్ ప్రెస్సు ఎవరైనా కొనుక్కోవచ్చు. పూత ఉన్న తెల్ల కప్పుకి సబ్లిమేషన్ కాగితం చుట్టి, 180 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు బిగించి ఉంచితే బొమ్మ దిగిపోతుంది. ఒక్క పూటలో వచ్చే విద్య. అందుకే ఆన్‌లైన్‌లో కప్పు ఇంటికి తెచ్చిచ్చే ధరకి నాకు ఉత్త కప్పూ సిరా కూడా గిట్టవు. బుధవారీ బజారు పక్క సందులో ఉన్న మా షాపులోనూ అద్దాల బీరువా నిండా కప్పులే ఉంటాయి. అవి జనాన్ని లోపలికి రప్పించడానికి. అద్దె కట్టే డబ్బు వేరేచోట నుంచి వస్తుంది.

మొదటిది నెలాఖరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏ నెలలో అరవై నిండితే ఆ నెల ఆఖరి రోజున రిటైర్మెంటు. ఒకటో తారీఖున పుట్టినవాడైతే ముందు నెల ఆఖరికే. బిలాస్‌పూర్‌లో డివిజన్ ఆఫీసు ఉంది, సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోను వచ్చిన 2003 నుంచి హెడ్డాఫీసూ ఇక్కడే. కాబట్టి ప్రతి నెలా ఆఖరి రోజున ఎక్కడో ఒకచోట దండలు, బ్యాండు, మిఠాయి డబ్బాలు తప్పవు. ఇక బళ్లో వేసేటప్పుడు జులై 1 అని రాయించిన పుట్టినరోజుల పుణ్యమా అని జూన్ 30కి మాకు ఊపిరి తిరగదు. తోటివాళ్ల చందాలు పోగయ్యేసరికి 27, 28 అవుతుంది. అంత తక్కువ వ్యవధిలో ఏ ఆన్‌లైన్ కంపెనీ తెచ్చి ఇస్తుంది?

రిటైరయ్యేవాళ్ల కోసం నేను చేసేది ఒక చెక్క పలక. దాని మీద అడ్డంగా ఒక రైలు గీత. ఆయన పనిచేసిన స్టేషన్లు చుక్కలుగా, చాంపా, రాయ్‌గఢ్, పెండ్రా రోడ్, అనూప్‌పూర్, షాడోల్, ఒక్కో చుక్క కింద అక్కడ చేరిన సంవత్సరం. లోకో పైలటైతే పక్కన ఆయన నడిపిన ఇంజను బొమ్మ. డబ్ల్యూఏజీ-9 నడిపినాయనకి డబ్ల్యూఏజీ-7 బొమ్మ వేసి ఇస్తే గోడకి తగిలించడు సరికదా, చూడగానే తప్పు పట్టుకుంటాడు. మొన్న ఒక గార్డుగారు స్వయంగా వచ్చి కూర్చుని జాబితా చెప్పారు. “రాయ్‌గఢ్ రెండుసార్లెయ్యమ్మా. రెండోపాలి ప్రమోషన్ మీద ఎల్లేను” అన్నారు. రెండుసార్లే వేశాను. ఈ పలకకి ఎవరూ బేరమాడరు, పక్క షాపులో ఎంత అని అడగడానికి అలాంటిది అక్కడ ఉండదు కదా.

రెండోది మన తెలుగు. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం ఇటొచ్చారు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం హిందీలోనే. దాంతో ఒక్క పెళ్లికి రెండు రకాల శుభలేఖలు కావాలి: ఇక్కడి స్నేహితులకి హిందీవి, ఊళ్లో బంధువులకి ఏ యాభయ్యో తెలుగువి. యాభై కార్డులకి ఆఫ్‌సెట్ ప్లేట్లు వేస్తే గిట్టదు, డిజిటల్‌లో కొట్టాలి. ఇక్కడి డీటీపీ వాళ్లది హిందీ కృతిదేవ్ ఫాంట్ల లోకం. వాట్సాప్‌లో వచ్చిన తెలుగుని పాత కోరల్‌డ్రాలో అతికిస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కన కూర్చుంటాయి. పెళ్లికూతురి పేరు లక్ష్మి అయిందంటే ఇక చూడక్కర్లేదు. నేను అనూ ఫాంట్లలో పెడతాను. తోర్వా వైపు ఉండే రిటైరైన టీచరమ్మ ప్రూఫ్ చూస్తారు. ఆవిడ చూశాక గోత్రంలోనూ, వావివరసల్లోనూ తప్పు రాదు. ప్రూఫ్ డబ్బులు బిల్లులో విడిగా వేస్తాను, ఇచ్చేవాళ్లు సంతోషంగానే ఇస్తారు.

పన్నెండో రోజు కార్డులు కూడా ఇలాగే వస్తాయి. వాటి లాభం గురించి మాట్లాడబుద్ధి కాదు. పొద్దున వస్తే సాయంత్రానికి ఇచ్చేస్తాం, అంతే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని క్యాలెండరు. ఇక్కడి పంచాంగంలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. అందువల్ల శుక్లపక్షంలో ఇద్దరిదీ ఒకే నెల, బహుళపక్షం వచ్చేసరికి వాళ్లు ఒక నెల ముందుంటారు. ఛత్తీస్‌గఢ్ రైతులు నాగళ్లూ పారలూ కడిగి పూజించే హరేలీ వాళ్లకి శ్రావణ అమావాస్య, మనకి ఆషాఢ అమావాస్య. మట్టి ఎడ్లని పూజించే పోరా వాళ్ల లెక్కలో భాద్రపద అమావాస్య. మన ఆడవాళ్లు కంద మొక్కకి పూజచేసే పోలాల అమావాస్య సరిగ్గా ఆ రోజే! పక్కింట్లో ఎడ్లకీ మనింట్లో కందకీ ఒకే పూట నైవేద్యం. ఈ రెండు లెక్కలూ ఒకే గడిలో, పైన తెలుగు, కింద హిందీ వేసిన గోడ క్యాలెండరు బయట దొరకదు. అడుగున మిఠాయి కొట్టు పేరో, కిరాణా పేరో వేస్తే అచ్చు ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. దసరాకే అడ్వాన్సులు వచ్చేస్తాయి. సంవత్సరంలో ఒక్కసారి దొరికే పనే, అయినా మిగతా పనులన్నింటికంటే అందులోనే ఎక్కువ మిగులుతుంది.

వదులుకున్న గిరాకీ కూడా ఉంది. తెలుగు సినిమా రిలీజంటే హీరో బొమ్మతో టీషర్టులు కావాలని కుర్రాళ్లు ఎగబడతారు. నల్ల కాటన్ మీద సబ్లిమేషన్ పట్టదు, డీటీఎఫ్, అంటే ఫిల్మ్ మీద కొట్టి బట్టకి అతికించే పని, చెయ్యాలి, అది చేతనవును. కానీ అనుమతి లేకుండా పోస్టరు అచ్చువేస్తే కాపీరైట్ చట్టం ఊరుకోదు. పుట్టినరోజుకి మీ ఫొటోనే వేసుకోండి నాయనా అని పంపేస్తాను. సగంమంది మళ్లీ రారు.

ఖరగ్‌పూర్‌లోనో, నాగ్‌పూర్‌లోనో ఉన్న తెలుగువాళ్లెవరైనా ఈ పని మొదలుపెట్టాలనుకుంటే నాకు పోటీ కారు, రండి. ముందు మీ ఊళ్లో ఏ తారీఖున ఎవరికి ఏం అవసరమో ఒక ఏడాది రాసుకోండి. తెలుగు ప్రూఫ్ చూడగల మనిషిని ఒకరిని వెతుక్కోండి. హీట్ ప్రెస్సు ఆ తర్వాత కొందురుగాని.