పరదుఃఖము

పోయిన మాఘమాసమున మా చిన్న తోడికోడలికి బిడ్డ పురిటిలోనే పోయెను. మేము ఆమె ప్రక్కన గూర్చుండి, "చెల్లీ! నీ బాధ నాకు తెలియును" అంటిమి. ఆమె తలయెత్తి, "మీకెట్లు తెలియును అక్కయ్యా? మీ పిల్లలిద్దరును మీ కన్నులయెదుట దిరుగుచున్నారు గదా!" యనెను.

ఆ మాట ములుకువలె నాటెను. మేము చిన్ననాడు మా తండ్రిగారియొద్ద తిక్కనగారి స్త్రీపర్వము చదువుకొన్నవారము. గాంధారి రణభూమిలో నేడ్చు స్త్రీలను గృష్ణునకు జూపు ఘట్టమున గన్నీరు గార్చినవారము. అయినను ఆమెకు బదులు చెప్పలేకపోతిమి.

కొన్నిదినములకు మావారు తాము చదువుచున్న తత్త్వశాస్త్ర గ్రంథమునుండి ఎడిత్ స్టైన్ అను విదుషి మాటలు మాకు తెనుగున వివరించిరి. ఈమె 1891లో బ్రెస్లౌ పట్టణమున యూదుల యింట జన్మించెను. ఈమె గురువగు హుస్సర్ల్ స్థాపించిన దర్శనమునకు ఫినామినాలజీ యని పేరు. ముందే యేర్పరచుకొన్న యభిప్రాయములను ప్రక్కకు దీసి, ప్రతి విషయమును అది మన యెరుకకు దోచినది తోచినట్లుగనే పరిశీలింపవలెనని యా దర్శనము చెప్పును. స్టైన్ 1915లో యుద్ధకాలమున రెడ్‌క్రాస్ వైద్యశాలలో రోగులకు సేవచేసెను. ఇతరుల యనుభవమును మనమెట్లెరుగుదుమను విషయముపై వ్రాసిన వ్యాసమునకు 1916లో డాక్టరు పట్టము పొందెను.

ఆమె చెప్పిన యుదాహరణము సరళము. ఒక మిత్రుడు వచ్చి తన సోదరుడు మరణించెనని చెప్పును. అతని దుఃఖమును మనము లెక్కగట్టి యూహింపము, అతనియందే కాంతుము. అయినను అది యతనికి గలిగినట్లు మనకు గలుగదు. ఆ దుఃఖ మెప్పటికిని అతనిదే.

మా తప్పు మాకప్పుడు తెలిసినది. చెల్లెలి శోకమును మేము చూచినమాట నిజము. దానిని మా సొత్తుగ జెప్పుకొనుట తప్పు.

ఇంతటి విదుషికి స్త్రీయైనందున విశ్వవిద్యాలయమున ఆచార్యపదవికి దారి దొరకలేదు. క్రైస్తవ సన్యాసినియైనను, యూదుల యింట బుట్టినదని 1942లో నాజీలు ఆష్విట్జులో నామెను జంపిరి.

మరునాడు మేము తోడికోడలియొద్దకు బోయి, "చెల్లీ! నాకు తెలియునన్నది పొరపాటు. నీవే చెప్పుము, వినెదను" అంటిమి. ఆమె చాలసేపు మిన్నకుండి, బిడ్డ నుదురు ఎవరి పోలికయో చెప్ప నారంభించెను. పొయ్యిమీద నెసరు ఇగిరిపోయినను మేము లేవలేదు.