జగిత్యాల నుంచి సిరిసిల్లకు.. సెకండ్ గేర్‌లో!

సిరిసిల్లలో మేనత్త ఇంట్లో నిశ్చితార్థం. పొద్దున్నే జగిత్యాలలో బయల్దేరాం. 1747లో ఫ్రెంచి ఇంజినీర్ల సాయంతో కట్టిన నక్షత్రాకారపు ఖిల్లాను మరోసారి చూసి, కోరుట్లలో అక్కను ఎక్కించుకున్నాం. ఇళ్ల అరుగుల మీద ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. బస్టాండు దగ్గర రద్దీలో ఫస్ట్ గేర్ వెయ్యబోతే గరగరమంది.

‘‘ఆయిల్ తగ్గినట్టుంది. మొన్ననే పోసిన గదరా’’ అన్నాడు బాపు.

‘‘ఎన్నిసార్లు పోసినవ్ బాపూ?’’

‘‘మూడుసార్లు.’’

కథలాపూర్ దాటి రుద్రంగి వైపు వెళ్తుంటే క్లచ్ పెడల్ నేలకు అంటుకుపోయింది. మళ్లీ పైకి లేవలేదు. బాపు ముఖం పాలిపోయింది. ‘‘బ్రేకులు గూడ పోతయా?’’ అన్నాడు. చాలా కార్లలో క్లచ్, బ్రేకులకు ఆయిల్ డబ్బా ఒక్కటే. అయితే క్లచ్‌కు పోయే గొట్టం పైన ఉంటుంది కాబట్టి కింద బ్రేకులకు కొంత మిగులుతుంది. అయినా నెమ్మదిగా పోతూ రెండుమూడుసార్లు బ్రేక్ నొక్కి చూశాకే ధైర్యం వచ్చింది. ఇంజిన్ ఆపి, గేర్‌లో ఉంచి స్టార్ట్ చేసి, సెకండ్ గేర్‌లోనే వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాం.

మరమగ్గాల చప్పుడు వినిపించే గల్లీలో ఓ మెకానిక్ కారు కింద దూరాడు. గేర్‌బాక్స్ దగ్గరున్న చిన్న సిలిండర్ తడితడిగా ఉంది. విప్పితే లోపల నల్లటి మడ్డి, తుప్పు గుంతలు, అంచు తెగిన రబ్బరు వాషర్.

‘‘క్లచ్ ప్లేట్ ఎప్పుడు మార్చిన్రన్నా?’’

‘‘పోయినేడు. సిలిండర్ పాతదే ఉంచినం.’’

‘‘గదే తప్పు.’’

ప్లేట్ అరిగేకొద్దీ సిలిండర్‌లోని పిస్టన్ లోపలి భాగంలోనే తిరుగుతుంది. బయటివైపు దుమ్ము, తుప్పు పేరుకుంటాయి. కొత్త ప్లేట్ వెయ్యగానే పిస్టన్ మళ్లీ ఆ గరుకు చోటుకు వస్తుంది, రబ్బరు కోసుకుపోతుంది. దీనికితోడు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీళ్లే లోపల తుప్పు పట్టిస్తాయి. అందుకే ఆయిల్‌ను రెండేళ్లకోసారి పూర్తిగా మార్చాలంటారు. ఇంజిన్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా పోయకూడదు. రబ్బరు ఉబ్బి మొత్తం పాడవుతుంది.

నేను సిగ్గుపడ్డది ఇక్కడే. ఆఫీసులో సర్వర్ ఆగిపోతే ఊరికే రీస్టార్ట్ చేసేవాళ్లను కోప్పడతాను. బాపు మూడుసార్లు ఆయిల్ పోశాడంటే మాత్రం, అది ఎటు పోతోందని ఒక్కసారీ అడగలేదు. మూతబిగించి ఉన్న డబ్బాలో ఆయిల్ ఊరికే ఆవిరైపోదు కదా!

పైన పెడల్ దగ్గరి సిలిండర్, కింది సిలిండర్ రెండూ మార్పించి, పైపుల్లో గాలి తీయించాం. నిశ్చితార్థానికి గంట ఆలస్యంగా వెళ్లాం. మేనత్త అలిగింది గానీ అన్నం పెట్టింది.

ఇప్పుడు బాపు ఆయిల్ తగ్గిందనిపిస్తే డబ్బా మూత తీయడు. ముందు వంగి కారు కిందికి చూస్తాడు.