హరికేన్ వస్తోంది.. క్యాంప్ సర్దేద్దామా, చూద్దామా?

‘అక్టోబరులో ఫ్లోరిడాలో క్యాంపింగా? హరికేన్ సీజన్ అని తెలుసా?’ అని ఆఫీసులో ఒకతను అడిగితే నవ్వేశాను. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా సీజనే కదా, ఆర్నెల్లూ ఇంట్లో కూర్చుంటామా అన్నాను. పది రోజుల తర్వాత తెల్లవారుజామున నాలుగింటికి, చీకట్లో టార్చ్ పట్టుకుని, మా బండి మురుగు పైపు ఊడదీస్తున్నప్పుడు అతనే గుర్తొచ్చాడు.

ఇది 2024 అక్టోబరు నాటి సంగతి. నేను అట్లాంటాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు అమలాపురం దగ్గర మా ఊరి నుంచి వచ్చి రెండు నెలలైంది. నాన్న యూట్యూబ్‌లో ఆర్‌వీ వీడియోలు చూసి చూసి, ‘ఒరే, ఒక్కసారి ఆ ఇల్లు లాంటి బండిలో పడుకోవాలిరా’ అన్నారు. మంచాలు, స్టవ్, బాత్రూమ్ అన్నీ ఉండే పాతిక అడుగుల మోటార్‌హోమ్ అద్దెకు తీసుకున్నాను. ఓర్లాండోలో డిస్నీ వాళ్ల ఫోర్ట్ విల్డర్‌నెస్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఐదు రాత్రులకు సైట్ బుక్ చేశాను. 6వ తేదీ ఆదివారం బయల్దేరాం. అంతకు ముందురోజే ఫోన్‌లో ‘మిల్టన్’ అనే తుపాను పుట్టిందని నోటిఫికేషన్ వచ్చింది. స్వైప్ చేసి పడేశాను.

అడవిలో ఊరు

ఫోర్ట్ విల్డర్‌నెస్ 1971లో మొదలైంది. డిస్నీ వరల్డ్ తెరిచిన ఏడాదే. రిసార్ట్ అంటే మనకు స్విమ్మింగ్ పూల్, బఫే గుర్తొస్తాయి. ఇక్కడ పూల్ ఉంది గానీ, అసలు సంగతి చెట్లు. ఎత్తయిన పైన్ చెట్లు, వాటి మధ్య ఓక్‌లు, సైప్రస్‌లు. కొమ్మల నుంచి బూడిద రంగు స్పానిష్ మాస్ సాధువుల జడల్లా వేలాడుతుంటుంది. ఆ చెట్ల కింద సుమారు 800 సైట్లు. ఒక్కో సైట్‌కి కరెంటు, నీళ్ల కనెక్షన్, ఒక పిక్నిక్ టేబుల్, బొగ్గుల గ్రిల్ ఉంటాయి. చాలావాటికి మురుగు పైపు కూడా ఉంటుంది. లోపల తిరగడానికి గోల్ఫ్ కార్ట్‌లు. బే లేక్ ఒడ్డుకు వెళ్తే పడవెక్కి మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్లొచ్చు. టికెట్ లేకపోయినా ఒడ్డున నిలబడి రాత్రి బాణసంచా చూడొచ్చు. మేం అదే చేశాం.

అక్టోబరులో అక్కడ ఇంకో సందడి. హాలోవీన్ కోసం క్యాంపర్లు తమ సైట్లను అలంకరించుకుంటారు. ఆరంజ్ లైట్లు, గాలి నింపిన పెద్ద పెద్ద గుమ్మడికాయ బొమ్మలు, దయ్యాలు. అమ్మకు భలే నచ్చింది. ‘మన బొమ్మల కొలువులా ఉంది’ అంది. అప్పుడు ఇంటి దగ్గర దసరా నవరాత్రులు నడుస్తున్నాయి మరి.

ఆదివారం రాత్రి నాన్న గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు కాల్చారు. గాలి లేదు, వాన లేదు. ఆకాశం శుభ్రంగా ఉంది.

ఒక్క రోజులో మారిపోయింది

సోమవారం పొద్దున్న లేచి ఫోన్ చూస్తే నిద్రమత్తు దిగిపోయింది. ఆదివారం మధ్యాహ్నానికి మిల్టన్ మామూలు హరికేన్. సోమవారం మధ్యాహ్నానికల్లా కేటగిరీ 5. అంతకు మించి కేటగిరీ లేదు. సాయంత్రానికి గాలి వేగం గంటకు 180 మైళ్లు, అంటే దాదాపు 290 కిలోమీటర్లు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో నీళ్లు వేడెక్కి ఉండటంతో అంత వేగంగా బలపడింది. అప్పటికి రెండు వారాల కిందటే, సెప్టెంబరు 26న, హెలీన్ హరికేన్ ఫ్లోరిడాను తాకింది. ఆ చెత్తే ఇంకా చాలా వీధుల్లో కుప్పలుగా పడి ఉంది.

మన బంగాళాఖాతంలో తుపాను, అట్లాంటిక్‌లో హరికేన్.. పేరే తేడా, వస్తువు ఒకటే. మ్యాప్‌లో మిల్టన్ దారి టాంపా వైపు చూపిస్తోంది. అక్కణ్నుంచి రాష్ట్రాన్ని అడ్డంగా కోసుకుంటూ ఓర్లాండో పక్కగా అట్లాంటిక్‌లోకి. మేం ఉన్నది సముద్రానికి వంద కిలోమీటర్ల దూరంలో. ఉప్పెన అంతదూరం రాదు. ‘అయితే మనకేం భయం లేదు’ అన్నారు నాన్న.

నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ లోతట్టు ప్రాంతంలో క్యాంపర్‌కి ప్రమాదం నీళ్ల కన్నా ముందు గాలితో. హోటల్ గెస్ట్‌లకి ‘గదిలోనే ఉండండి, కిటికీలకు దూరంగా ఉండండి’ అని చెప్తే సరిపోతుంది. క్యాంపర్‌కి గది ఏది? టెంట్ అంటే గుడ్డ. ఆర్‌వీ అంటే చక్రాల మీద డబ్బా. చుట్టూ నిన్నటిదాకా నీడనిచ్చిన చెట్లే పైకి ఉరికే దూలాలవుతాయి. అందుకే రిసార్ట్‌లో అన్నిటికన్నా ముందు ఖాళీ చేసేది క్యాంప్‌గ్రౌండే.

‘ఈ డబ్బా ఆగుద్దా?’

సోమవారం సాయంత్రం ఆర్‌వీలో పెద్ద చర్చే జరిగింది.

‘వీళ్లేమీ పొమ్మనలేదుగా! ఇంత డబ్బు పోసి వచ్చాం. రేపంతా చూద్దాం. దారి మార్చుకోవచ్చు కూడా’ అన్నారు నాన్న. లెక్క ప్రకారం ఆయన అన్నది తప్పు కాదు. తుపాన్లు దారి మార్చుకుంటాయి. నేను కూడా లోపల్లోపల ఆయన వైపే ఉన్నాను. బుధవారం మధ్యాహ్నం దాకా పార్కుల్లో తిరిగి, అప్పుడు చూద్దామన్నది నా ప్లాన్.

అమ్మ మాట్లాడలేదు. తలుపు తీసి బయటికి వెళ్లి, తల పూర్తిగా వెనక్కి వంచి పైన్ చెట్ల కొసల వైపు చూసింది. లోపలికొచ్చి ఒకటే అడిగింది: ‘ఇందులో ఒకటి మీద పడితే ఈ డబ్బా ఆగుద్దా?’

నేను జవాబు చెప్పలేదు.

‘96లో కూడా అందరూ చూద్దాం చూద్దామనే అన్నార్రా’ అంది.

1996 నవంబరు 6. కోనసీమ తుపాను. మా జిల్లాలో ఆ తేదీ తెలియనివాళ్లు ఉండరు. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు పడుకుండిపోయాయి. నాకప్పటికి ఐదు నెలలు. నాన్న ఉద్యోగం మీద రాజమండ్రిలో ఉన్నారు. ఇంట్లో అమ్మ, నేను, నానమ్మ. తుపాను అటు పోతుంది, ఇటు పోతుంది అంటూ చీకటి పడేదాకా వీధిలో ఎవరూ కదల్లేదట. కదలాల్సి వచ్చేసరికి పెంకులు గాల్లో ఎగురుతున్నాయి. నన్ను దుప్పట్లో చుట్టి, కడుపుకి కట్టుకుని, నానమ్మ చెయ్యి పట్టుకుని బడి దాకా నడిచింది. మామూలుగా ఐదు నిమిషాల దారి. ఆ రాత్రి ఎంతసేపు పట్టిందో తనకి గుర్తులేదు. దారిలో వాళ్ల వెనకే ఒక కొబ్బరిచెట్టు పడింది.

ఈ కథ చిన్నప్పట్నుంచి వింటూనే ఉన్నాను. ఆ రాత్రి నాన్న అక్కడ లేరన్న సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయనకీ అది విన్న కథే, నాకూ విన్న కథే. ఆ గాలి చూసింది ముగ్గురిలో అమ్మ ఒక్కతే.

‘అటు చూడండి’ అంది నాన్నతో. పక్క సైట్ పెద్దాయన తన గుమ్మడికాయ బొమ్మల గాలి తీసి మడత పెడుతున్నాడు. ఏటా అక్టోబరులో వస్తానని పొద్దున్నే చెప్పాడు. ‘ఏటా వచ్చేవాడే సర్దేస్తుంటే మనకెందుకండీ పంతం?’

నాన్న ఇంకేం అనలేదు. లేచి కుర్చీలు మడత పెట్టడం మొదలుపెట్టారు.

ఏడు గంటల దారి, పదమూడు గంటల ప్రయాణం

ఆర్‌వీ సర్దడమంటే సూట్‌కేస్ సర్దడం కాదు. మురుగు ట్యాంకులు ఖాళీ చెయ్యాలి, కరెంటు తీగ, నీళ్ల పైపు విప్పాలి, పక్కకి చాపిన నీడ పందిరి లోపలికి చుట్టాలి. లోపల గిన్నె కూడా కదలకుండా బిగించాలి. చీకట్లో, కొత్తవాళ్లం కావడంతో, మాకు గంటన్నర పట్టింది. అప్పుడు కూడా గాలి లేదు. అంత ప్రశాంతంగా ఉన్న చోటి నుంచి పారిపోతున్నామంటే మనకే సిగ్గేస్తుంది. నమ్మండి, బయల్దేరాల్సింది సరిగ్గా అప్పుడే.

మంగళవారం టర్న్‌పైక్ మీదుగా ఐ-75 ఎక్కేసరికి ఎటు చూసినా ఎర్ర లైట్లే. టాంపా వైపు నుంచి ఖాళీ చేసి వస్తున్న జనమంతా అదే రోడ్డు మీద ఉన్నారు. పైకప్పుల మీద పరుపులు, వెనక సీట్లలో కుక్కలు. గ్యాస్ స్టేషన్లలో చాలాచోట్ల పంపులకు సంచులు తొడిగేశారు.. పెట్రోల్ లేదని. మా బండి ముందురోజే ట్యాంక్ నింపుకుంది కాబట్టి బతికాం. ఏడు గంటల దారి పదమూడు గంటలు పట్టింది. అమ్మ ముందురాత్రే కలిపిన పులిహోరే మాకు టిఫినూ, భోజనమూ.

దారిలోనే ఫోన్‌లో చదివాను: బుధవారం ఉదయం 11 గంటలకు ఫోర్ట్ విల్డర్‌నెస్ మూసేస్తున్నారు. టెంట్లు, ఆర్‌వీలే కాదు, అక్కడి క్యాబిన్లు కూడా. థీమ్ పార్కులు మధ్యాహ్నం 1 గంట నుంచి వరసగా మూస్తారు. ఓర్లాండో ఎయిర్‌పోర్ట్‌లో విమానాలు ఆ ఉదయం 8 గంటలకే ఆగిపోతాయి. ఈ మూడు టైములు పక్కపక్కన పెట్టి చూడండి. నా ప్లాన్ ప్రకారం బుధవారం మధ్యాహ్నం దాకా ఆగి ఉంటే ఏమయ్యేది? ఉండటానికి సైట్ లేదు, ఎక్కడానికి విమానం లేదు. పోసుకోవడానికి పెట్రోల్ దొరికేదో లేదో తెలీదు. చేతిలో మాత్రం గాలికి ఊగే పాతిక అడుగుల బండి.

ఏం జరిగింది?

బుధవారం రాత్రి 8.30కి మిల్టన్ టాంపాకు దక్షిణంగా, సియస్టా కీ దగ్గర తీరం దాటింది. అప్పటికి కేటగిరీ 3కి తగ్గింది. కానీ తీరం దాటక ముందే, దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, రాష్ట్రానికి అటువైపు తూర్పు తీరంలో టోర్నడోలు పుట్టాయి. సెయింట్ లూసీ కౌంటీలో పెద్దవయసు వాళ్లు ఉండే మొబైల్ హోమ్స్ కాలనీలో ఆరుగురు చనిపోయారు. ఆ వార్త చదివి మ్యాప్‌లో చూశాను. తుపాను కన్నుకు మా క్యాంప్‌గ్రౌండ్ కన్నా వాళ్లే దూరంగా ఉన్నారు.

డిస్నీ పార్కులు శుక్రవారం మళ్లీ తెరిచారు. టీవీలో జనం మిక్కీ చెవులు పెట్టుకుని నవ్వుతూ లోపలికి వెళ్తున్నారు. ‘చూశావా, అక్కడ ఏం కాలేదు’ అన్నారు నాన్న, అమ్మకి వినపడేలా. అమ్మ వంటింట్లోంచే అంది: ‘ఏం కాకూడదనేగా వచ్చేసింది!’

మీరు క్యాంపింగ్‌కి వెళ్తున్నారా?

జూన్-నవంబరు మధ్య ఫ్లోరిడా వైపు వెళ్లేవాళ్లు ఇవి గుర్తుంచుకోండి.

* వాచ్, వార్నింగ్ ఒకటి కాదు. హరికేన్ వాచ్ అంటే రావచ్చు అని.. బలమైన గాలులు మొదలవడానికి దాదాపు 48 గంటల ముందు ఇస్తారు. వార్నింగ్ అంటే వస్తోంది అని.. సుమారు 36 గంటల ముందు. హోటల్‌లో ఉన్నవాళ్లు వార్నింగ్ దాకా ఆగొచ్చు. క్యాంపర్ వాచ్‌కే సర్దుకోవాలి.

* మ్యాప్‌లో కనిపించే కోన్ తుపాను కన్ను ఎటు వెళ్లొచ్చో చెప్తుంది. ఎంత దూరం గాలి, వాన, టోర్నడోలు ఉంటాయో చెప్పదు. కోన్ బయట ఉన్నాం కదా అని ధీమాగా ఉండొద్దు.

* బుక్ చేసేటప్పుడే క్యాన్సిలేషన్ రూల్ చదవండి. ఓర్లాండోకి గానీ, మీరుండే ఊరికి గానీ, చేరాల్సిన తేదీకి ఏడు రోజుల లోపు హరికేన్ వార్నింగ్ వస్తే డిస్నీ క్యాన్సిలేషన్ ఫీజు తీసుకోదు. కానీ విమాన టికెట్‌కి, బయట అద్దెకు తీసుకున్న ఆర్‌వీకి ఆ రూల్ వర్తించదు. మాకు బండి అద్దెలో మిగిలిన రోజుల డబ్బు తిరిగి రాలేదు.

* ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలంటే తుపానుకు పేరు పెట్టక ముందే తీసుకోండి. పేరు పెట్టాక కొంటే సాధారణంగా ఆ తుపానుకు కవర్ ఉండదు.

* ట్యాంక్ సగానికి తగ్గనివ్వొద్దు. కొంచెం క్యాష్, తాగే నీళ్లు, మందులు, పాస్‌పోర్ట్‌లు ఒకే బ్యాగ్‌లో ఉంచండి. అమ్మానాన్నల వీసా కాగితాలు కూడా.

* మ్యాప్‌లు ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. మాకు జార్జియా బోర్డర్ దగ్గర రెండు గంటలు సిగ్నల్ లేదు.

* వెళ్లలేకపోతే టెంట్‌లో, ఆర్‌వీలో మాత్రం ఉండిపోవద్దు. గట్టి బిల్డింగ్‌లోకి, లేదా కౌంటీ వాళ్లు తెరిచే షెల్టర్‌లోకి వెళ్లండి. ఆర్‌వీ పోతే బండి పోతుంది, అంతే.

మళ్లీ వెళ్తామా? వెళ్తాం. నాన్నకి ఐదు రాత్రుల్లో ఇంకా మూడు బాకీ ఉన్నాను. ఈసారి మార్చిలో. తేదీలు అమ్మే చూసి పెట్టింది.