ఏడు పేర్ల జాబితా

2024 ఫిబ్రవరి నెలలో ఒకనాటి రాత్రి మా మేనకోడలు నా వ్రాతబల్ల మీద ఒక తెల్లకాగితం పరచి, దానిపై ఏడు ఆసుపత్రుల పేర్లు వ్రాసి, "మామయ్యా! వీటిని వరుసలో పెట్టాలి. గడువు దాటితే ఇక మార్చడానికి వీలులేదు" అన్నది. ఆ ఏడు ఊళ్ళలో ఒక్కటీ నేను చూచినది కాదు. వైద్యశాస్త్రంతో నాకు రోగిగా తప్ప పరిచయం లేదు. ప్రబంధాలు చదువుకొని, మూడు దశాబ్దాలుగా జూనియర్ కళాశాలలో తెలుగు చెప్పుకొంటున్నవాణ్ణి. అయినా ఆ కాగితం ముందు మేమిద్దరం మూడు రాత్రులు కూర్చున్నాము.

ఆమె మా అక్క కూతురు. ఇక్కడ ఎం.బి.బి.ఎస్. ముగించి, అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్‌లో శిక్షణ పొందగోరింది. మనం జనరల్ మెడిసిన్ అనేదానికే అక్కడ ఆ పేరు. శిక్షణ మూడేళ్ళు, దానిని రెసిడెన్సీ అంటారు. విద్యార్థులు పరీక్షలు గట్టెక్కి ఆసుపత్రులకు దరఖాస్తులు పెట్టుకొంటారు. కొన్ని ఆసుపత్రులు ఇంటర్వ్యూకు పిలుస్తాయి. అంతవరకు మన పద్ధతి వంటిదే. ఆ తరువాతిదే వింత. విద్యార్థి తాను చేరగోరిన ఆసుపత్రులను, ఆసుపత్రి తాను చేర్చుకోగోరిన విద్యార్థులను, ఒకరి జాబితా మరొకరికి తెలియకుండా వరుసపెట్టి ఒక జాతీయ సంస్థకు అందజేస్తారు. కంప్యూటరు ఆ జాబితాలను జతపరచి మార్చి నెలలో ఫలితం చెబుతుంది. దీనిని 'మ్యాచ్' అంటారు. ఫలితం వెలువడిన పిమ్మట 'ఇది నాకు వద్దు' అనరాదు. జాబితాలో పేరు చేర్చడమంటే మాట ఇవ్వడమే.

పూర్వం ఈ ఏర్పాటు లేదట. మంచి విద్యార్థుల కోసం ఆసుపత్రులు పోటీపడి, చదువు ముగియడానికి రెండేళ్ళ ముందే బేరాలు కుదుర్చుకొనేవి. కొన్నాళ్ళకు అది, కొద్ది గంటలలో అవునో కాదో తేల్చిచెప్పమని విద్యార్థిని నిలదీసే స్థితికి వచ్చింది. ఆ వేధింపు భరించలేక 1952లో ఈ పద్ధతిని తెచ్చారు. పదేళ్ళ తరువాత, 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితజ్ఞులు ఇటువంటి జతకూర్పును గురించి ఒక చిన్న వ్యాసం వ్రాశారు. ఆల్విన్ రాత్ అనే ఆర్థికవేత్త తన సహచరునితో కలిసి పద్ధతిని సంస్కరించి, 1998 నుండి విద్యార్థి కోరికకు మొగ్గు ఉండేటట్లు చేశాడు. రాత్, షాప్లీలకు 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. ఒక విద్యార్థి బెంగ వెనుక ఇంత గణితం ఉన్నదని తెలిసి నేను ఆశ్చర్యపోయాను.

మా బావగారు బ్యాంకు ఉద్యోగం చేసినవారు. ఆయన లెక్క వేరు. "మనలను ఎవరు తీసుకొంటారో ఊహించి వారినే మొదట వ్రాయాలి. ఆశకు పోతే అసలుకే మోసం" అన్నారు. ఈ మాట మొదట నాకూ సబబుగానే తోచింది. మేనకోడలు కాగితం మీద గీతలు గీసి చూపింది. కంప్యూటరు ముందుగా విద్యార్థి మొదటి కోరికను పరిశీలిస్తుంది. ఆ ఆసుపత్రి ఆమెను కాదంటే రెండవదానికి వెళుతుంది. చోటు దొరికినా అది తాత్కాలికమే. ఆ ఆసుపత్రి ఆమెకంటె ఎక్కువగా కోరుకొన్నవారు తరువాత వస్తే ఆమె తన తదుపరి కోరికకు జరుగుతుంది. రెండవ ఆసుపత్రి వద్దకు ఆలస్యంగా వచ్చిందన్న కారణంతో ఆమెకు అక్కడ ఏ లోటూ జరుగదు. కనుక పైన ఆశను వ్రాసినందువల్ల క్రిందిది చేజారదు. ఎదుటివారి మనసు ఊహించనక్కరలేదు. తన మనసు తాను ఎరిగితే చాలు. అయితే అదే కష్టమని నాకు అనుభవం. పరిశోధనలో చేరిన రోజుల్లో నాకు శ్రీనాథుని మీద పనిచేయాలని ఉండేది. సులువుగా ఒప్పుకొంటారని మరొక విషయం వ్రాసిచ్చి, రెండేళ్ళు దానితో పెనుగులాడి, మళ్ళీ శ్రీనాథుని దగ్గరకే వచ్చాను. ఆ రెండేళ్ళ తప్పు నాదే.

2020లో కరోనా వల్ల మొదలైన అలవాటు కొనసాగుతున్నందున ఆమె ఇంటర్వ్యూలన్నీ కంప్యూటరు తెర మీదనే జరిగాయి. మా ఇంట్లో సందడి తక్కువని నా గదిలోనే కూర్చునేది. అక్కడ ఉదయమైతే మనకు రాత్రి. నేను ప్రక్కగదిలో వింటూ ఉండేవాణ్ణి. ప్రతి ఆసుపత్రీ తన గొప్ప చెప్పుకొనేది. అందరివీ ఒకే మాటలు, ఒకే చిరునవ్వులు. అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం నాకు జ్ఞాపకం వచ్చింది. స్వయంవరంలో దమయంతి ముందు అయిదుగురు నలులు నిలిచారు. నలుగురు దేవతలు. వారికి రెప్పపాటు లేదు, చెమట లేదు, నీడ లేదు, మెడలోని పూలు వాడలేదు. అయిదవవాడికి ఇవన్నీ ఉన్నాయి. ఆ లోపాలను చూచియే ఆమె మనిషిని గుర్తుపట్టింది. ఈ కథ చెప్పి, "చెమట ఎక్కడ కనిపించిందమ్మా?" అని అడిగాను.

ఆమె కాసేపు ఆలోచించింది. మహానగరంలోని పేరుపొందిన విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో రెసిడెంట్లందరూ 'ఇక్కడ అంతా బాగున్నది' అన్నారు. మిషిగన్ రాష్ట్రంలో ఒక చిన్నపట్టణపు ఆసుపత్రి నుండి మాట్లాడిన అమ్మాయి మాత్రం వార్డు నుండి తిన్నగా వచ్చి, ముఖం తుడుచుకొంటూ, "మొదటి చలికాలం నేను చాలా రాత్రులు ఏడ్చాను. కాని ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా మా పెద్ద డాక్టరు ఎత్తేవారు" అన్నదట. వారానికి సగటున 80 గంటలకు మించి పనిచేయించరాదని 2003 నుండి అక్కడ నియమం ఉన్నది. ఆ 80 గంటలలో పిలిస్తే పలికేవారెవరన్నదే అసలు ప్రశ్న అన్నది మా మేనకోడలు. చిన్నపట్టణాన్ని మొదట, మహానగరాన్ని రెండవదిగా వ్రాసింది. మహానగరంలోనయితే తరువాత హృద్రోగ చికిత్సలో పైశిక్షణకు దారి సులభమని బావగారి వాదం. అది తప్పేమీ కాదు. కాని ఆమెకు గుండెనొక్కటే కాక మనిషి మొత్తాన్ని చూచే వైద్యం కావాలి. ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఏడవ పేరు దగ్గర నేనే పొరపాటు పడ్డాను. ఆ ఆసుపత్రి వారు రెసిడెంట్లతో మాట్లాడించినప్పుడు వారి అధికారి ఒకరు ప్రక్కనే కూర్చున్నారట. ఒక్కరూ మనసు విప్పలేదు. "ఇష్టం లేని చోటును ఎందుకు వ్రాయాలి? కొట్టివేయి" అన్నాను. ఆమె నావైపు చూచి, "మామయ్యా! మా వంటి విదేశీ విద్యార్థులలో పదిమందికి సుమారు ఆరుగురికే చోటు దొరుకుతున్నది. ఒక ఏడాది ఖాళీగా ఉంటే మరుసటి ఏడాది పిలిచేవారు తగ్గిపోతారు. అక్కడైనా నేను పని నేర్చుకోగలను. నేర్చుకోలేననుకొంటే వ్రాసేదాన్ని కాదు" అన్నది. పుస్తకాల నుండి సలహా తీయడం తేలిక. నేను మాట్లాడలేదు.

మార్చి 11, సోమవారం నాడు చోటు దొరికిందని మాత్రం తెలిసింది. ఎక్కడో చెప్పరు, శుక్రవారం దాకా ఆగాలి. ఆ నాలుగు రోజులు మా అక్క దేవుడి గదిలోనే గడిపింది. మార్చి 15, శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఉత్తరం వచ్చింది. మా మేనకోడలు చదివి, ఫోను బల్లమీద పెట్టి, "ఏడోది" అన్నది.

బావగారు చాలాసేపటికి, "మహానగరాన్ని మొదట వ్రాసి ఉంటే..." అన్నారు. ఆయనకు ఆ గీతల కాగితం మళ్ళీ తీసి చూపించాను. మొదట వ్రాస్తే తీసుకొనేవారు, మొదటిది తప్పిన తరువాత వెళ్ళినా తీసుకొనేవారే. ఆయన తల ఊపారు. నమ్మారో లేదో తెలియదు. నేను మాత్రం ఆ ఏడవ పేరును కొట్టివేయించి ఉంటే ఏమయ్యేదా అని ఆ రాత్రి నిద్రపోలేదు.

ఆమె ఆ జూన్‌లో వెళ్ళింది. మొదటి చలికాలంలో ఫోను చేసినప్పుడు గొంతు పూడుకుపోయి ఉండేది. జలుబనేది. మేమూ జలుబే అనుకొన్నాము. మరుసటి ఏడు ఇంటర్వ్యూల కాలం వచ్చినప్పుడు, కొత్త విద్యార్థులతో మాట్లాడే పని ఆమెకే అప్పగించారట. అధికారులెవ్వరూ ఆ గదిలో ఉండరాదని తానే పట్టుబట్టిందట. "ఏం చెబుతున్నావమ్మా వాళ్ళకు?" అని అడిగాను.

"మొదటి చలికాలం ఏడ్చానని చెబుతున్నాను మామయ్యా" అన్నది.