వంశవృక్షం పేజీ ఎందుకు తీసేసినామంటే

"మీ వంశవృక్షం పేజీ కనబడటం లేదే, ఏమైంది?" అని సేలం నుంచి, కోలారు నుంచి మనవాళ్లు అడుగుతా ఉన్నారు. అది ఎక్కడికీ పోలేదు. నేనే తీసేసినాను. తీసేటప్పుడు నాకే ప్రాణం ఉసూరుమనింది. అవ్వ దగ్గర కూర్చొని, ఒక్కొక్క పేరూ అడిగి రాసుకున్న పేజీ అది.

మా హొసూరు ఇండ్లలో ఇంటిపేరు సంగతి మీకు తెలిసిందే. తమిళనాడులో కాగితాల మీద నాయన పేరులో మొదటి అక్షరమే మన ఇనీషియల్. స్కూల్లో గానీ రేషన్ కార్డులో గానీ ఇంటిపేరు ఉండదు. పెండ్లి పత్రికలో, అవ్వ నోట్లో మాత్రమే బతికి ఉంది. అందుకే మా ఇంట్లో అందరం దాన్ని గుట్టు అనుకున్నాం. వైఫై పాస్‌వర్డ్ ఇంటిపేరు, దాని పక్కన 123. నాయన మెయిల్‌కీ అదే, నా పాత మెయిల్‌కీ అదే. మళ్లీ ఆ ఇంటిపేరునే, అవ్వ పుట్టినింటి ఊరునే, అందరి పుట్టిన తేదీలనూ నేనే తీసుకొచ్చి లోకమంతా చదివేటట్టు ఇక్కడ పెట్టినాను! తాళంచెవి గడపకే తగిలించినట్టు.

2020 మార్చి నుంచి నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఆఫీసు బెంగళూరులో, నా బల్ల మాత్రం వంటింటి పక్క గదిలో. పోయిన ఏడు నాయన ఫోన్‌కి వాట్సాప్‌లో ఒక పెండ్లి పత్రిక వచ్చింది. మన ఇంటిపేరు, అవ్వ పుట్టినింటి ఊరు, "తప్పక రావలెను" అనే మాట, అన్నీ ఉన్నాయి. నాయనకి కండ్లు చెమ్మగిల్లినాయి. "చూడమ్మీ, నలభై ఏండ్లు అయినా మనల్ని మరవలేదు" అన్నారు.

అది పత్రిక కాదు, చివర ఏపీకే అని ఉన్న ఫైలు, అంటే ఒక యాప్. నాయన దాన్ని నొక్కినారు. ఫోన్ ఏదో హెచ్చరిక చూపించింది. పత్రిక తెరవాలంటే 'అనుమతించు' నొక్కాలేమో అనుకొని అదీ నొక్కినారు, మెసేజీలు చదవడానికి అనుమతితో సహా. ఇంక బ్యాంకు ఓటీపీలు నాయనకి ఒక్కరికే కాదు, వాళ్లకీ పోతా ఉన్నాయి. రాత్రికి ఖాతాలో 18,000 లేవు.

వెంటనే 1930కి ఫోన్ చేసినాం. నేను నాయనను తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంకో గంట దాచిపెట్టి ఉండేవారు. బ్యాంకుకీ ఆ రాత్రే చెప్పినాం. 2017 రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, మన పొరపాటు ఉన్నా సరే, మనం తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే. అందుకే గంటలు లెక్క. కొంత డబ్బు నిలిచింది, కొంత పోయింది.

నాకు నిద్ర పట్టనిది ఇంకో సంగతికి. అంతకుముందు నెలలో నా ఫోన్ రిపేరుకి పోయినప్పుడు, నాయన ఫోన్‌లోనే నా ఆఫీసు మెయిల్ తెరిచి, తీసేయడం మరిచిపోయినాను. తప్పు నాయనది కాదు, నాది. రాత్రి పదకొండుకి మా టీమ్ లీడర్‌కి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. సిగ్గుతో గొంతు రాలేదు. ఆమె ఒక్క మాట అనకుండా నా ఖాతాను మూయించి, పొద్దున కొత్త పాస్‌వర్డ్ ఇప్పించింది. చెప్పకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకోను.

ఆ వారమే ఇల్లంతా సర్దినాను. నాయన ఫోన్‌ను పూర్తిగా చెరిపి మొదటి నుంచి పెట్టినాం. రౌటర్ అడుగున అతికించిన చీటీలోని పాస్‌వర్డ్, అందరికీ తెలిసేదే, దాన్ని మార్చినాం. రౌటర్‌లో అతిథుల కోసం వేరే వైఫై పెట్టుకోవచ్చు. ఇప్పుడు టీవీ, వచ్చేవాళ్ల ఫోన్లు దాంట్లో, నా ఆఫీసు ల్యాప్‌టాప్ వేరే దాంట్లో. మెయిల్‌కి రెండో తాళం ఎస్సెమ్మెస్‌తో కాకుండా, కోడ్ ఇచ్చే యాప్‌తో పెట్టినాను. ల్యాప్‌టాప్ వదిలి కాఫీకి లేచినా స్క్రీన్ మూస్తాను. మా చిన్నోడు కార్టూన్ చూడటానికి దాని మీదికి రాకూడదు. అప్‌డేట్ అడిగితే "రేపు" అనడం మానేసినాను. పాస్‌వర్డ్‌లు సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి, ఒక్కో ఖాతాకి ఒక్కోటి. ఇన్ని గుర్తుండవు గనక పాస్‌వర్డ్‌లు దాచే యాప్ వాడుతున్నాను. నాయన మాత్రం నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకుంటారు. వద్దనలేదు. బీరువాలోకి చెయ్యి పెట్టే దొంగ వేరే రకం.

వంశవృక్షం ఇప్పుడు కాగితం మీద ఉంది, అడిగిన చుట్టాలకి నేరుగా ఇస్తాం. ఇక్కడ కథలు ఉంటాయి, వంటలు ఉంటాయి, పోయినవాళ్ల పేర్లు ఉంటాయి. ఉన్నవాళ్ల పుట్టిన తేదీలు ఉండవు.

ఇంకొకటి పెట్టుకున్నాం. ఫోన్‌లో ఎవరు చుట్టరికం చెప్పి డబ్బు మాట ఎత్తినా, నాయన ఒక ప్రశ్న అడుగుతారు: మా పాత ఇంట్లో ఉండిన ఎర్రావు పేరేమి? ఆ పేరు ఇక్కడ రాయను. పోయిన నెల మదనపల్లి అత్త నిజంగానే ఫోన్ చేసి, ఆవు పేరు మరిచిపోయి, పది నిమిషాలు నాయనను తిట్టి పెట్టేసింది. మరునాడు మళ్లీ చేసింది. ఆవు పేరు, దాని దూడ పేరు, పాలు పోసిన ఇండ్ల పేర్లు కూడా చెప్పి, "ఇప్పుడు నమ్ముతావా?" అనింది.