పదిహేనేళ్ళ తర్వాత ఫిట్జ్

ఇంటర్‌లో కెమిస్ట్రీ రికార్డు కింద దాచుకుని చదివిన హీరో ఫిట్జ్. రాబిన్ హాబ్ 1995 నుంచి 1997 వరకు తెచ్చిన ఫార్‌సీర్ మూడు పుస్తకాలూ అతని కథే. రాకుమారుడికి పెళ్ళి కాకుండా పుట్టి, గుర్రాల మనిషి చేతుల్లో పెరిగి, రాజు కోసం రహస్యంగా ప్రాణాలు తీయడం నేర్చుకుంటాడు. మనసుతో మాట్లాడే తోడేలు నైట్‌ఐస్ అతనికి తోడు. వీళ్ళిద్దరికీ వయసే రాదనుకున్నాను.

మొన్న సెమ్ సెలవుల్లో, 2001లో వచ్చిన ‘ఫూల్స్ ఎరండ్’ తెరిచాను. కథలో పదిహేనేళ్ళు గడిచిపోయాయి. నా హీరో పేరు మార్చుకుని, ఊరికి దూరంగా చిన్న ఇంట్లో తోటపని చేసుకుంటున్నాడు! తోడేలు ముసలిదైపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది. పేజీలు తిరుగుతున్నాయి గానీ కత్తి దూయడేంటి?

కాసేపటికి తెలిసింది. ఈసారి ఫిట్జ్ భయమంతా శత్రువుల గురించి కాదు, పక్కన నడిచే తోడేలు అడుగు నెమ్మదించడం గురించి. అది ఇంటర్ కుర్రాడికి అర్థమయ్యేది కాదు.

ఆ సాయంత్రం నాన్నా నేనూ మేడెక్కుతున్నాం. సగం మెట్ల దగ్గర ఆయన ఆగి, ఫోన్ తీసి చూస్తున్నారు. స్క్రీన్ వెలగనే లేదు. మోకాలి నొప్పి సంగతి అమ్మ చెప్పినప్పుడు నేను పట్టించుకోలేదు.

"ఏంట్రా, ఆగావ్?" అన్నారు.

"చెప్పు ఊడింది నాన్నా" అన్నాను.

మిగతా మెట్లు ఇద్దరం మెల్లగా ఎక్కాం. ఆ సిరీస్‌లో ఇంకా పుస్తకాలున్నాయి. తొందరేం లేదు, అవీ మెల్లగానే చదువుతాను.